గుడ్డి కిటికీలో దీపం

థార్ల్‌బీ హాల్ భవంతి ముందునించి పోయేటప్పుడు తలెత్తి కిటికీలు లెక్కపెట్టకూడదు.

ఆ ఊళ్ళో నడక వచ్చిన పిల్లలకి మొదట నేర్పే మాట అదే. పైవరసలో తొమ్మిది కిటికీలు. ఎడమనించి ఏడోది... గుడ్డిది. చట్రం ఉంది, అద్దాలున్నాయి, మిగతా ఎనిమిదింటిలాగే తెల్లరంగూ ఉంది. వెనకాల మాత్రం గది లేదు. నల్లరంగు పూసిన చెక్కలు, అంతే.

గది లేని కిటికీలో దీపం ఎలా వెలుగుతుంది చెప్పండి?

వెలుగుతుంది. వెలిగిందంటే మూడోనాటికి ఊళ్ళో ఒకరు పోతారు — అంటారు.

అప్పుడెప్పుడో 1774లో సర్ జాస్లిన్ అనే దొర రోము దాకా పోయి, అక్కడి పాడుబడ్డ గుళ్ళు చూసి మతిపోగొట్టుకుని వచ్చాడు. వచ్చీరాగానే తాతలనాటి ఎర్రిటుకల ఇల్లు పడగొట్టించాడు. తెల్లరాతితో కొత్తది లేపాడు — ముందు ఆరు స్తంభాలు, వాటి నెత్తిన ముక్కోణపు నుదురు. నడిమధ్య నిలబడి చూస్తే ఎడమెంతో కుడీ అంతే ఉండాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా కూలివాళ్ళకి ఆ పూట తిండి లేనట్టే.

ఇల్లు లేచింది. తీరా చూస్తే స్తంభాల మధ్యనించి ఊరు కనపడుతోంది. పేడకుప్పలు, ఆరేసిన లంగాలు. దొరగారి కంటికి ఆనలేదు. ఊరు ఊరంతా పీకించి, చెరువు అవతలికి, మైలు దూరం తోయించాడు.

అందరూ పోయారు, మార్జరీ ఫ్రో అనే ముసల్ది తప్ప. నెత్తిమీద కప్పు పీకుతుంటే ఆవిడ కిటికీలో దీపం పెట్టుకుని కూర్చుందట. "నా కిటికీ మూయిస్తున్నావుగా దొరా... నీ ఇంట్లో ఒక కిటికీ ఎప్పటికీ తెరుచుకోదు. దాంట్లో నా దీపం ఆరదు," అందట.

అప్పట్నించీ ఊళ్ళో ఒక పద్ధతి. ఏడో కిటికీలో దీపం కనపడితే వీపు తిప్పాలి. ఇంట్లో దీపం తగ్గించాలి. మాట్లాడకూడదు. చూస్తూ నిలబడ్డవాణ్ణే అది ముందు పిలుస్తుంది.

విల్ఫ్ కాథార్న్ ఆ దీపాన్ని రెండు రాత్రులు చూశాడు. ఎనిమిదేళ్ళప్పుడు.

1912, నవంబరు. దొరల కుటుంబం చలికి తట్టుకోలేక ఇటలీ పోయింది. అంత ఇంట్లో ఒక్క చెవిటి కాపలా ముసలాయన, అదీ కింద వంటగది పక్కన. విల్ఫ్ నాన్న సైలస్ ఆ ఇంటి వడ్రంగి. మంగళవారం పొద్దున పనిసంచి భుజానేసుకుని, విల్ఫ్ జుట్టు చెరిపి, "రాత్రికి రాకపోతే అక్కడే పడుకున్నాననుకో," అని పెళ్ళానికి చెప్పి వెళ్ళాడు. పని ముదిరితే అక్కడ పడుకోవడం మామూలే.

ఆ రాత్రి విల్ఫ్ పడకగది కిటికీలోంచి చూశాడు. చెరువు అవతల, నల్లటి గోడ మీద, ఏడోది... చిన్న పసుపుచుక్క. కదులుతోంది. పైకి, కిందకి. పైకి, కిందకి.

"అమ్మా..."

వాళ్ళమ్మ వచ్చి చూసింది. వీపు మీద ఒక్కటిచ్చి, వాణ్ణి గోడవైపు తిప్పి పడుకోబెట్టింది.

రెండో రాత్రి వాళ్ళమ్మ పడుకున్నాక, ఉండబట్టలేక, మళ్ళీ లేచాడు. దీపం ఉంది. మొదటి రాత్రికంటే మెల్లిగా కదులుతోంది... చెయ్యి నొప్పి పుట్టినవాడు ఊపినట్టు. వాడు చూశాడు. చూసి, ఈసారి ఎవరూ తిప్పకుండా, తనే అటు తిరిగాడు.

మూడో రాత్రి దీపం లేదు.

సైలసూ రాలేదు. శుక్రవారం మనుషులు పోయి హాల్‌లో గదులన్నీ వెతికారు. గదుల్లో ఎక్కడా లేడు. పనిసంచి కూడా లేదు. చాకలిపనికి ఉండే కీజియా డౌస్ అనే పిల్ల అదే మంగళవారం ఎవరికీ చెప్పకుండా హల్ పట్నం పోయే రైలుబండి ఎక్కిందని స్టేషన్‌లో తేలింది. ఇంకేముంది? రెండూ రెండూ కలిపితే నాలుగు. ఊరికి ఆ మాత్రం వచ్చు.

విచిత్రమేంటంటే ఆ ఏడాది దీపం అబద్ధమాడింది. మూడోనాడు దాటింది, వారం దాటింది, ఊళ్ళో కోడిపిల్ల కూడా చావలేదు. ముసలమ్మకి కూడా వయసైపోయిందిరా అని నవ్వుకున్నారు.

వాళ్ళమ్మ మాత్రం ఇంట్లో ఉన్న ఒక్క ఫోటో గోడవైపు తిప్పేసింది. పోయేదాకా అలాగే ఉంది. విల్ఫ్‌కి వడ్రంగం నేర్పనివ్వలేదు. వాడు తోటపనికి పోయి, తర్వాత గేటుదగ్గర ఇంట్లో చేరి, హాల్ తాళాలు చూసుకునేవాడయ్యాడు. నలభై మూడేళ్ళలో ఎన్ని తిన్నా, ఎన్ని తాగినా ఒక్క ముల్లు మాత్రం గొంతులోంచి దిగలేదు — నన్ను వదిలేసి పోయాడా? పొద్దున జుట్టు చెరిపినవాడు, సాయంత్రానికి?

రెండో రాత్రి సంగతి మాత్రం కట్టుకున్నదానికి కూడా చెప్పలేదు.

*

1955 వచ్చింది. దొర పోయినప్పుడల్లా ఆస్తి మీద పడే చావుపన్నులు కట్టలేక దొరలు చేతులెత్తేశారు. ఇల్లు పడగొట్టేవాళ్ళకి పోయింది. సోమవారం నించి పని మొదలు. దానికి వారం ముందు లండన్‌నించి ఒకావిడ దిగింది — మిస్ ఇర్విన్. ముప్ఫై దాటి ఉంటాయి, మగవాళ్ళ బూట్లు, చెవి వెనక పెన్సిలు. పోబోయే ఇళ్ళని కొలిచి, బొమ్మ గీసి దాచడం ఆవిడ పని. ఊళ్ళో ప్లౌ అనే పబ్బులో మేడ మీద గది తీసుకుంది.

గురువారం మధ్యాహ్నం, పైన పసుపు గదిలో, టేపు చుట్టుకుంటూ అంది.

"మిస్టర్ కాథార్న్, ఈ ఇంట్లో నాలుగడుగులు కనపడ్డం లేదండీ."

"తాళం నేనే వేశానమ్మా రాత్రి. ఎవరూ పట్టుకుపోలేదు."

ఆవిడ నవ్వింది. "బయట గోడ కొలిస్తే ఒకటి వస్తోంది, లోపల గదులన్నీ కలిపితే ఇంకోటి. సరిగ్గా ఇక్కడే తేడా. మీ గుడ్డి కిటికీ దగ్గర."

విల్ఫ్ మార్జరీ ఫ్రో సంగతి చెప్పాడు. ఆవిడ ఓపిగ్గా విన్నది.

"శాపం కాదండీ, పొగగొట్టం. వంటింటి పొగంతా ఇటు పంపారు, గదికి చోటు చాల్లేదు. కానీ ఎడంపక్క కిటికీ ఉందిగా, కుడిపక్క లేకపోతే సర్ జాస్లిన్ గారికి నిద్రెక్కడ పడుతుంది? అందుకని అబద్ధం కిటికీ పెట్టించాడు. ఆ కాలం వాళ్ళు అందం కోసం ఆడని అబద్ధం లేదు. ఇదిగో..." అని చలికాచుకునే పొయ్యి పక్కన పాలరాతి స్తంభాన్ని వేలితో కొట్టింది. డొల్లగా మోగింది. "చెక్క. పైన సున్నం, రంగు."

"ముప్ఫయ్యేళ్ళనించీ దాన్ని రాయనుకుని తుడుస్తున్నానమ్మా."

"రాయే అనుకోండి. పాపం అది కూడా అలాగే అనుకుంటోంది."

పొయ్యికి రెండు పక్కలా రెండు తలుపులు. ఎడంది బట్టల గదిలోకి పోతుంది. కుడిది జోడీ కోసం పెట్టింది, ఎక్కడికీ పోదు. పుట్టి బుద్ధెరిగాక అది తెరుచుకోగా విల్ఫ్ చూళ్ళేదు. మిస్ ఇర్విన్ దాని ముందు గొంతుక్కూర్చుని కీలు మీద వేలు రాసింది. వేలికి నల్లగా అంటింది.

"ఎండిపోయిన నూనె," అంది. "మిస్టర్ కాథార్న్... తెరుచుకోని తలుపుకి నూనె ఎవరు పెడతారండీ?"

విల్ఫ్ కూడా వంగి చూశాడు. "మొహమాటానికి పెట్టి ఉంటారు," అన్నాడు. "చీకటి పడకముందే వచ్చెయ్యండి. నాలుగింటికల్లా తాళాలు నా చేతిలో పడాలి."

నాలుగైంది. రాలేదు. గేటింట్లో కూర్చుని అయిదు దాకా చూశాడు. మరిచిపోయి తాళాలతో సహా పబ్బుకి పోయుంటుందని ఆరింటికి ప్లౌకి నడిచాడు.

*

పబ్బులో ఆరేడుగురున్నారు. పొయ్యిలో బొగ్గు, గోడకి తడి కోట్ల వాసన. యజమాని జేబెజ్ టనార్డ్ గ్లాసులు తుడుస్తున్నాడు. కిటికీ పక్క మూల మార్జరీ వంశంలో చివరిది, నెల్ ఫ్రో, ఎనభై రెండేళ్ళు, గిన్నిస్ బీరు ముందు పెట్టుకుని.

"మా లండన్ అమ్మాయి వచ్చిందా?" అన్నాడు విల్ఫ్.

"రాలేదు," అన్నాడు జేబెజ్. "సాయంత్రం టీకి కూడా దిగలేదు. ఏరా, నువ్వు గానీ హల్ బండి ఎక్కించావా ఏంటి? మీ కాథార్న్‌ల కాళ్ళకి చక్రాలుంటాయిగా."

ఒకరిద్దరు నవ్వారు. నలభై మూడేళ్ళనించీ అదే నవ్వు. విల్ఫ్ అలవాటుకొద్దీ తనూ నవ్వాడు.

అప్పుడు నెల్ గ్లాసు కింద పెట్టింది. చప్పుడు చెయ్యకుండా పెట్టింది. కిటికీ తెర సగం లాగి... ఆపేసింది.

"తిరగండి," అంది. గొణిగినట్టు.

ఎవరూ ఎందుకని అడగలేదు. కుర్చీ కాళ్ళు నేల మీద గీసుకున్నాయి. ఒకరి తర్వాత ఒకరు, పెద్ద పెద్ద మగవాళ్ళు, మాస్టరు అరిస్తే గోడవైపు తిరిగే బడిపిల్లల్లా కుర్చీలు తిప్పేసుకున్నారు. జేబెజ్ దీపం తగ్గించాడు. ఈ సంగతంతా నాకు చెప్పినాయన ఆ కుర్చీల్లో ఒకదాంట్లో ఉన్నవాడే — సిగ్గుపడుతూనే చెప్పాడు.

విల్ఫ్ కూడా తిరిగాడు. ఆలోచించి కాదు... వీపు దానంతటది తిరిగింది. గోడ మీద నాగలి బొమ్మ ఉంది. దాన్నే చూస్తూ నిలబడ్డాడు. గడియారం టిక్కుమంటోంది.

కానీ తిరిగేలోపల చూశాడు. చెరువు అవతల, పొగమంచులో, పసుపుచుక్క.

పైకి. కిందకి. పైకి...

దీపం మనుషుల్ని లెక్కపెడుతుందంటారు. విల్ఫ్ కూడా లెక్కపెట్టాడు. ఊళ్ళో ఎవరు లేరు? అందరూ ఉన్నారు. ఒక్క మనిషి తప్ప.

"ఆ అమ్మాయి రాలేదు," అన్నాడు.

"నోర్ముయ్," అన్నాడు జేబెజ్, గోడతో.

"లోపలే ఉందిరా."

"గది లేదురా అక్కడ. గది లేనిచోట మనిషెలా ఉంటుంది? కూర్చో."

నాలుగడుగులు కనపడ్డం లేదండీ... విల్ఫ్ మెల్లిగా వెనక్కి తిరిగాడు. ఊరు పుట్టాక బహుశా ఎవరూ చెయ్యని పని. కిటికీకి ఎదురుగా నిలబడి చూశాడు. అది ముసలమ్మ దీపంలా లేదు. ఎవరో చెయ్యి ఊపుతున్నట్టుంది.

"పోకు నాయనా," అంది నెల్, కళ్ళు మూసుకునే. "పోయినవాళ్ళెవరూ..."

"ఎవరన్నా పోయారా అవ్వా, ఇప్పటిదాకా?" అన్నాడు విల్ఫ్.

ముసల్ది ఆలోచించింది. తడుముకుని గ్లాసు అందుకుంది.

*

చెరువు కట్ట మీద పొగమంచు మోకాళ్ళ దాకా ఉంది. టార్చి వేస్తే వెలుగు పాలల్లో ముంచినట్టయిపోయి వెనక్కి వస్తోంది. ఆర్పేశాడు. పైన ఆ చుక్కనే చూస్తూ నడిచాడు.

గొర్రెలు రాకుండా తవ్విన కందకం దాటాడు. ఇప్పుడు ఇల్లు మొత్తం కనపడుతోంది, తెల్లగా, ఊపిరి బిగపట్టినట్టు. ఒకటి... రెండు... మూడు... లెక్కపెట్టాడు. ఏడు.

దీపం ఆగింది. తనని చూసి ఆగినట్టు ఆగింది.

తర్వాత ఆరిపోయింది.

విల్ఫ్ పరిగెత్తాడు. యాభై ఒకటో ఏట, తోటపని మోకాళ్ళతో. తలుపు బార్లా ఉంది. హాల్‌లో రాతిబొమ్మలకి గుడ్డలు కప్పి, తాళ్ళు కట్టి ఉన్నాయి, వేలానికి. తన అడుగుల చప్పుడు గుమ్మటం దాకా పోయి, ఇంకెవరో నడుస్తున్నట్టు కిందకి వస్తోంది. మెట్లు. నడవా. పసుపు గది.

ఎవరూ లేరు.

నేల మీద ఆవిడ కొలతల పుస్తకం. చివరి పేజీలో కుడి తలుపు బొమ్మ, చట్రం మీద చెక్కిన పువ్వుల్లో ఒకదానికి బాణం గుర్తు. కింద రెండే మాటలు — నొక్కితే కదులుతోంది.

"మిస్ ఇర్విన్ గారూ..."

కుడి తలుపు దగ్గరికి పోయి చెవి పెట్టాడు. చెక్కకి అవతల, చాలా దగ్గర్లో, ఎవరో ఊపిరి పీలుస్తున్నారు.

పువ్వు నొక్కాడు. లోపల ఎక్కడో ఇనప నాలుక జారింది. నూట ఎనభై ఏళ్ళ అబద్ధం తలుపు నిజంగా తెరుచుకుంది.

జానెడు వెడల్పు దూలం మీద ఆవిడ, పొగగొట్టానికి వీపు ఆనించి నిలబడి ఉంది. మొహం సున్నంలా ఉంది. కాళ్ళ ముందు నేల లేదు... చీకటి, తిన్నగా కిందకి. విల్ఫ్ రెండు చేతులూ పట్టి లాగాడు. గదిలో పడి, ఆవిడ నేలని అరచేతుల్తో తడుముతూ ఉండిపోయింది.

"తలుపు... దానంతటదే పడింది," అంది. "లోపల పిడి లేదు."

విల్ఫ్ టార్చి లోపలికి వేశాడు.

కిటికీ కనపడింది, లోపలివైపునించి. నల్ల చెక్కలు బిగించి ఉన్నాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ మేకులు ఊడదీసి పక్కకి ఆనించి ఉంది. సగానికి కొత్త నల్లరంగు. కొత్తదంటే... అప్పటిది. చెక్క తీసిన సందులోంచి చెరువు, దాని అవతల పబ్బు దీపం, ఆ పక్కన తను పుట్టిన ఇల్లు. పడకగది కిటికీ. అన్నీ కనపడుతున్నాయి. బయటనించి చూసేవాడికి ఆ సందు తెలీదు — లోపలి చీకటి కూడా నల్లరంగులాగే ఉంటుంది.

దూలం చివర పనిసంచి. దాని మీద మడతపెట్టిన కొలబద్ద. ఇత్తడి కీలు పక్కన కత్తితో చెక్కిన రెండక్షరాలు. సై. కా.

టార్చి కిందకి తిప్పాడు. చాలా కింద, ఇటుకల మధ్య, ఒక బూటు. మడమ పైకి తిరిగి ఉంది. పక్కన తుప్పుపట్టిన లాంతరు.

ఆ కిటికీకి ఏటా నల్లరంగు వెయ్యాలి. లోపలికి దారి వడ్రంగికి మాత్రమే తెలుసు. తలుపు పడింది. చెవిటాయనకి అరుపు వినపడదు. ఇంక మిగిలింది లాంతరు. ఊపాడు. రెండు రాత్రులు ఊపాడు. ఊరంతా చూసింది. చూసి, పద్ధతి ప్రకారం...

నూనె అయిపోయాక చీకట్లో దిగబోయి ఉంటాడు.

ఆ ఏడాది దీపం అబద్ధమాడలేదు.

వదిలేసి పోలేదు, అనుకున్నాడు విల్ఫ్. నలభై మూడేళ్ళ ముల్లు దిగింది. దిగినచోటే ఇంకోటి గుచ్చుకుంది. గోడ పట్టుకుని కూర్చుండిపోయాడు.

"మంచిపని చేశారమ్మా, దీపం ఊపి," అన్నాడు. "లేకపోతే తెలిసేది కాదు."

మిస్ ఇర్విన్ తలెత్తింది.

"నా టార్చి మూడింటికే కింద పడిపోయిందండీ. దీపం నాది కాదు. ఆయనది."

"ఎవరిది?"

"పక్కన నిలబడ్డాడుగా పెద్దాయన. మొహం కనపళ్ళేదు, చీకటి. వేరే దారి ఉందేమో, అటునించి వచ్చాడనుకున్నా. మీరు కందకం దాటగానే దీపం దించేశాడు. ఏడీ, ఇటు రాలేదా?"

విల్ఫ్ లోపలికి చూడలేదు. చూడలేకపోయాడు.

"నేను అరుస్తుంటే వద్దన్నాడండీ," అంది ఆవిడ. "అరుపుకి ఎవరూ రారమ్మా, దీపం చూపిద్దాం, మావాడు చూస్తాడు అన్నాడు. నిన్న రాత్రి కూడా చూశాడు పాపం... చిన్నవాడు కదా, భయపడి అటు తిరిగి పడుకున్నాడు. ఇవాళ వస్తాడు అన్నాడు."